చండీగఢ్ కుర్చీ

సర్కారు ఆఫీసుల్లో కుర్చీ వెనుక రంగుతో ఆఫీసు పేరు, నంబరు రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. అట్లా నంబరు వేసిన పాత సర్కారు కుర్చీలే ఇప్పుడు విదేశాల వేలంపాటల్లో లక్షల రూపాయలు పలుకుతున్నయి. వాటినే చండీగఢ్ కుర్చీలు అంటారు.

1947లో దేశం రెండైనప్పుడు లాహోరు పాకిస్తానుకు పోయింది. మన పంజాబుకు కొత్త రాజధాని కావలసి వచ్చింది. దాన్ని కట్టడానికి ఫ్రాన్సు నుండి లె కార్బూజియేను పిలిచారు. ఆయనతో 1951లో వరుసకు తమ్ముడైన పియెర్ జన్‌రే వచ్చాడు.

జన్‌రే 1896లో స్విట్జర్లాండులోని జెనీవాలో పుట్టాడు. పారిస్‌లో అన్నతో కలిసి ఇండ్ల నమూనాలు గీశాడు. 1929లో అన్న, షార్లెట్ పెరియాఁ అనే ఆమె, తను కలిసి ఉక్కు గొట్టాల కుర్చీలు చేసి చూపించారు. చండీగఢ్‌కు అన్న ఏడాదికి రెండుసార్లు వచ్చి పోయేవాడు. తమ్ముడు 1965 దాకా అక్కడే ఉండి పని చేయించాడు. పేరు మాత్రం అన్నకే ఎక్కువ వచ్చింది!

కొత్త ఆఫీసులకు వేల కుర్చీలు కావాలె. జన్‌రే ఉక్కు వదిలి టేకు తీసుకున్నాడు. టేకుకు చెదలు తొందరగా పట్టదు. సీటు, వీపు పేముతో అల్లించాడు. గాలి ఆడుతుంది, ఎండకాలం చెమట పట్టదు. పక్కనుండి చూస్తే రెండు కాళ్లు పైన కలిసి, కింద ఎడంగా ఉంటయి. నడుమ సీటు పట్టె అడ్డం వస్తుంది. అంటే త్రిభుజం అయిందన్నట్టు. లెక్కల క్లాసులో మూడు పుల్లలు కట్టి చూశాం కదా, నాలుగు పుల్లల చట్రం ఒరుగుతుంది గాని మూడు పుల్లలది ఒరగదు. నాకైతే ఈ ముచ్చటే బాగా నచ్చింది.

చేసింది అక్కడి వడ్రంగులు, పేము అల్లేవాళ్లు. ఎన్నో దుకాణాల్లో చేతితో చేశారు, అందుకే ఒకదానికి ఇంకొకదానికి కొంచెం తేడా ఉంటుంది. కుర్చీ మీద ఆఫీసు పేరుంది, వేలంపాటలో జన్‌రే పేరు చెప్తారు. వాళ్ల పేర్లు మాత్రం కుర్చీ మీద లేవు. మా నాయినమ్మ అల్లిన బుట్ట మీద కూడా పేరుండదు, కానీ పెంటల అందరికీ అది ఎవరి చేయో తెలుసు.

తర్వాత పాతబడ్డ కుర్చీలను తుక్కు కింద కుప్పపోసి తక్కువ ధరకు అమ్మేశారు. విదేశీ వ్యాపారులు కొని, బాగుచేసి అమ్ముకున్నారు. జన్‌రే ఇదంతా చూడలేదు, 1967లో జెనీవాలో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం 1970లో అస్థికలు తెచ్చి చండీగఢ్ సుఖ్నా చెరువులో కలిపారు.

2011లో కేంద్ర హోంశాఖ ఈ సామాను అమ్మవద్దని, దేశం దాటించవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడ మిగిలిన 12 వేలకు పైగా వస్తువులను లెక్కరాసి పెట్టారు.