సీ డ్రైవ్‌లో ఎవరికి చోటు?

పాత ల్యాప్‌టాప్‌కి కొత్తగా ఎస్ఎస్‌డీ వేయించుకున్నవాళ్లలో చాలామంది ఇంటికి రాగానే చేసే పని ఒకటే. పెళ్లి ఫొటోలు, పిల్లల బారసాల వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోకి ఎక్కించేస్తారు. విలువైనవి విలువైన చోటే ఉండాలని లెక్క. నెల తిరక్కుండా అది నిండిపోతుంది. సీ డ్రైవ్ కింద ఎర్ర గీత కనపడుతుంది, అప్‌డేట్‌కి చోటు లేదని విండోస్ గోల మొదలుపెడుతుంది. అప్పుడు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లను తీసుకెళ్లి పాత హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేస్తారు. వ్యవహారం సరిగ్గా తలకిందులవుతుంది.

ఈ తికమకంతా అడిగిన ప్రశ్నలోనే ఉంది. 'ఏది ముఖ్యం?' అని అడిగారు. 'దేన్ని ఎన్నిసార్లు తెరుస్తాను?' అని అడగాలి. ఏ ఇంట్లో చూసినా పోపుల పెట్టె పొయ్యి పక్కన ఉంటుంది, బంగారం బ్యాంకు లాకర్లో ఉంటుంది. ఆవాలు బంగారం కన్నా గొప్పవని ఎవరూ అనుకోరు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నగలు తెచ్చి పొయ్యి గట్టు మీద పరుస్తాం.

ఈ విషయాన్ని లెక్కగట్టి చెప్పినవాళ్లున్నారు. 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు అనే ఇద్దరు కంప్యూటర్ ఇంజినీర్లు 'ఐదు నిమిషాల సూత్రం' అని ఒకటి ప్రతిపాదించారు. అప్పట్లో పేచీ మెమరీకీ డిస్క్‌కీ మధ్య. ఒక సమాచారాన్ని ఐదు నిమిషాలకోసారైనా ముట్టుకుంటుంటే ఖరీదైన మెమరీలో ఉంచడం గిట్టుబాటు, అంతకన్నా అరుదుగా వాడేదైతే చవకైన డిస్క్‌లోనే ఉండనివ్వండి అన్నారు. ఆ సమాచారం ఎంత గొప్పదన్న ఊసే ఆ లెక్కలో లేదు. వాడకం ఎంత, చోటు ఖరీదెంత, అంతే. ధరలు మారేకొద్దీ ఐదు నిమిషాలన్న అంకెను తర్వాతివాళ్లు సవరిస్తూ వచ్చారు గానీ ఆలోచన నిలబడింది. గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

హార్డ్ డిస్క్ ఎందుకు నెమ్మదో ఒకసారి కళ్లారా చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. విండోస్ హార్డ్ డిస్క్ మీదే ఉన్న కంప్యూటర్ ఆన్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ గడిలో 100 శాతం అని ఉంటుంది. సరే, ఒళ్లొంచి పని చేస్తోంది పాపం అనుకుంటాం. పక్కనే ఎంత వేగంతో చదువుతోందో చూస్తే చాలాసార్లు సెకనుకి రెండు మూడు ఎంబీలు కూడా ఉండదు. అదే డిస్క్ ఒక సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు సెకనుకి 150 ఎంబీలు అవలీలగా లాగుతుంది. మరి ఇప్పుడేమైంది? లోపల పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతోంది, అంటే ఒక చుట్టుకి ఎనిమిది మిల్లీసెకన్లు. చదివే హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి దాదాపు అంతే సమయం. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి, అవి తలో మూలా ఉంటాయి. హెడ్ పాపం అటూ ఇటూ పరుగెత్తడంతోనే సరిపోతుంది, చదివేది తక్కువ. సెకనుకి ఓ వంద చోట్లకు వెళ్లగలిగితే గొప్ప. చెవి ఆనించి వింటే ఆ కిటకిట వినపడుతుంది కూడా.

ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, జరిగేదేమీ లేదు. సెకనుకి పదివేల చోట్ల నుంచి చదవమన్నా చదువుతుంది. పెట్టె మీద రాసే 'సెకనుకి 3,500 ఎంబీ' కన్నా మన రోజువారీ పనికి అక్కరకొచ్చే గుణం ఇదే.

ఇంతవరకూ ఒప్పుకుంటే పంపకం తేలికే. విండోస్, రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్లు, బ్రౌజర్ ఎస్ఎస్‌డీలోనే ఉండాలి, ఇందులో బేరాల్లేవు. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లయితే ఆ డేటా ఫోల్డర్ కూడా అక్కడే. సైజు చూస్తే చిన్నదే, రోజంతా దానితోనే పని. కొత్త గేములు కొన్ని ఎస్ఎస్‌డీ లేనిదే కుదరదంటున్నాయి. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ కనీస అర్హతల్లోనే ఆ మాట రాశారు. సినిమాలు, పాటలు, ఫోన్ బ్యాకప్‌లు, ఎప్పుడో దించుకున్న ఇన్‌స్టాలర్లు, సీసీ కెమెరా రికార్డింగులు హార్డ్ డిస్క్‌కి. మంచి నాణ్యత ఉన్న హెచ్‌డీ సినిమా ఆడటానికి సెకనుకి నాలుగైదు ఎంబీలు చాలు. ఎస్ఎస్‌డీలో పెట్టినంత మాత్రాన రెండున్నర గంటల సినిమా రెండు గంటల్లో అయిపోదు, మనం కోరుకున్నా సరే.

ఎస్ఎస్‌డీని నిండా నింపకండి. కనీసం 15 శాతం ఖాళీ వదలండి. లోపల సమాచారాన్ని సర్దుకోవడానికి దానికి చోటు కావాలి, లేకపోతే రాత నెమ్మదిస్తుంది. కొందరికి ఇంకో భయం ఉంటుంది, రాస్తే అరిగిపోతుందని. దాంతో బ్రౌజర్ క్యాష్‌ని కూడా హార్డ్ డిస్క్‌లోకి తోసి, కొనుక్కున్న వేగాన్ని తామే పారబోసుకుంటారు. ఒక టీబీ ఎస్ఎస్‌డీకి 600 టీబీల రాత వరకూ వారంటీ ఇవ్వడం మామూలే. రోజుకి 100 జీబీ రాసినా 16 ఏళ్లు పడుతుంది. మనలో రోజుకి 100 జీబీ రాసేది ఎందరు?

అసలు తంటా మధ్యలో ఉండేవాటితోనే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాణ్ణి తీసుకోండి. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాక ఒక్కో పెళ్లికి 200 జీబీ అయినా ఫుటేజ్ వస్తుంది. ఇది ఏ డ్రైవ్‌ది? ఈ వారం రోజుకు నలభైసార్లు తెరుస్తాడు, వచ్చే నెల ఒక్కసారి కూడా తెరవడు. ఫైలు మారలేదు, వాడకం మారింది. కాబట్టి ఇలాంటివాటికి చోటు ఒక్కసారి నిర్ణయిస్తే చాలదు, దించే రోజు కూడా ముందే చెప్పుకోవాలి. 'తీరిక దొరికినప్పుడు సర్దుతా' అంటే ఆ తీరిక రాదు. 'ఆల్బమ్ ప్రింటుకి వెళ్లిన రోజు ఫుటేజ్ హార్డ్ డిస్క్‌కి వెళ్తుంది' అనుకుంటే అయిపోతుంది. పనిని మన మూడ్‌కి ముడిపెట్టకుండా ఒక సంఘటనకు ముడిపెట్టడం అన్నమాట. లైట్‌రూమ్ వాడే ఫొటోగ్రాఫర్లకైతే ఇంకో వెసులుబాటు ఉంది: కేటలాగ్, ప్రివ్యూలు ఎస్ఎస్‌డీలో ఉంచి, అసలు ఫొటోలను హార్డ్ డిస్క్‌లో పెట్టుకోవచ్చు. వెతకడం, తిప్పడం చకచకా సాగుతుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన ఫోల్డర్ దగ్గరికి వద్దాం. చాలామంది కంప్యూటర్లలో ఉంటుంది. దాని పేరు 'గ్రూప్-2 ఫైనల్' కావచ్చు, 'పైథాన్ కోర్సు' కావచ్చు, 'యూట్యూబ్ ఛానల్ ఐడియాలు' కావచ్చు. నూరు జీబీ వీడియో క్లాసులు, తెరిచి రెండేళ్లు. అయినా ఎస్ఎస్‌డీలోనే ఉంటుంది, అదీ డెస్క్‌టాప్ మీద. దాన్ని హార్డ్ డిస్క్‌కి పంపమంటే చెయ్యి రాదు. పంపితే ఆ ప్రయత్నం వదిలేసినట్టు ఒప్పుకున్నట్టవుతుందని లోపల గుచ్చుకుంటుంది. నన్నడిగితే ఎస్ఎస్‌డీలను నింపేది సినిమాలు కావు, ఇలాంటి మొహమాటాలు. మనం రోజూ చేసే పనిని చూసి కాకుండా, చేస్తే బాగుండుననుకునే పనిని చూసి చోటు కేటాయిస్తాం. అందుకే కోరికని నమ్మకండి, వాడకం చూడండి. విన్‌డిర్‌స్టాట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డర్ ఎంత మింగిందో బొమ్మ గీసి చూపిస్తుంది. పెద్ద ఫోల్డర్లు పది తీసుకుని ఒక్కోదాన్నీ చివరిసారి ఏ పని మీద తెరిచారో చెప్పుకోండి. మూడు నెలల లోపు పని ఏదీ గుర్తుకు రాకపోతే అది కిందికి దిగాల్సిందే. 'ముందు ముందు తెరుస్తాను' అన్నది జవాబు కింద రాదు.

విలువైనవాటి సంగతి పక్కన పెట్టాం కదా. వాటికి వేగంతో పని లేదు, కాపీలతో పని. బారసాల వీడియో ఒక్క ఎస్ఎస్‌డీలోనే ఉంటే, అది ప్రమాదంలో ఉన్నట్టే. హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు చప్పుడు చేసో, మొరాయించో చెబుతుంది. ఎస్ఎస్‌డీ నిన్న సాయంత్రం దాకా బాగానే ఉండి ఇవాళ పొద్దున కనపడకుండా పోగలదు. పొరపాటున డిలీట్ చేస్తే హార్డ్ డిస్క్ నుంచి వెనక్కి లాగే అవకాశం కొంత ఉంటుంది, ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఆ చోటును శుభ్రం చేసేస్తుంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. ఇంటి బయట అంటే క్లౌడ్ కావచ్చు, ఊళ్లో అన్నయ్య ఇంట్లో ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్క్ కావచ్చు.

'డీ డ్రైవ్‌లో కూడా ఒక కాపీ వేశానండీ, భయం లేదు' అనే మాట తరచూ వింటుంటాను. మీ సీ, డీ రెండూ ఒకే డిస్క్‌ని చెక్కలు చేసినవైతే ఆ రెండో కాపీకి విలువ సున్నా. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. డిస్క్‌లు విడివిడిగా ఉన్నా, రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే దొంగ రెండూ ఎత్తుకెళ్తాడు.

బీరువాలో దాచే కాపీకి హార్డ్ డిస్కే మేలు. ఎస్ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టుకుంటుంది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అది మెల్లగా జారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. రాత ఆయుష్షు మొత్తం వాడేసిన ఎస్ఎస్‌డీ కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు సమాచారం నిలపాలని జెడెక్ అనే సంస్థ ప్రమాణం చెబుతుంది. కొత్తది అంతకన్నా చాలాకాలం నిలుపుతుంది, నిజమే. కానీ మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇనప బీరువా లోపల 30 డిగ్రీలు ఎక్కడుంటుంది? హార్డ్ డిస్క్‌కి ఈ బెడద తక్కువ. తిరుగుతున్నప్పుడు మాత్రం కదపకండి, లోపల హెడ్‌కీ పళ్లేనికీ మధ్య దూరం కొన్ని నానోమీటర్లే. ఏడాదికోసారి తగిలించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

పాత హార్డ్ డిస్క్‌ని పారేయకండి. డీవీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో క్యాడీ అనే చట్రం పెట్టి పాత డిస్క్‌ని బిగిస్తారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడగండి, మీ కళ్ల ముందే చేసిస్తారు. ఆ తర్వాత డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ తెరిచి, మూవ్ నొక్కి ఆ హార్డ్ డిస్క్‌లో మీరు చేసుకున్న ఫోల్డర్ చూపించండి. ఒక్కోదానికీ ఒక్కో ఫోల్డర్, అదీ ముందే చేసి ఉంచుకోండి. ఇకనుంచి దించుకునేవన్నీ వాటంతటవే అక్కడికి పోతాయి, రోజూ ఆలోచించే పని తప్పుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్, యాప్‌డేటా జోలికి మాత్రం వెళ్లకండి, వాటిని లాగితే సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవు.

ఇక ఆ గ్రూప్-2 ఫోల్డర్. నోటిఫికేషన్ పడింది, మళ్లీ పుస్తకం పట్టారనుకుందాం. వీడియో క్లాసులు హార్డ్ డిస్క్ నుంచే నేరుగా చూసుకోవచ్చు, ఏ తేడా తెలియదు. కాదు, ఎస్ఎస్‌డీలోనే కావాలంటారా? సెకనుకి 150 ఎంబీల లెక్కన నూరు జీబీ వెనక్కి రావడానికి పన్నెండు నిమిషాలు చాలు. ఇవాళే పంపేయండి.