చీకటిలోని మొలక, వెలుగులోని మొలక



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో టమాటా ముఖ్యమైన పంట. నారుమడిలో విత్తనము చల్లి వరిగడ్డి కప్పుదుము. మొలక కనబడగానే గడ్డి తీయవలెనని పెద్దలు చెప్పుదురు. ఆలస్యమైన యెడల నారు ఎందుకు చెడును? ఈ నెల పాఠము దానిని గూర్చినదే.

చీకటిలోని మొలక గింజలోని నిలువ ఆహారముతోనే బ్రతుకును. ఆ కొద్ది ఆహారమును కాడ పెంచుటకే ఖర్చు చేయును. ఏలయనగా మన్ను దాటి వెలుగు చేరుటయే దాని మొదటి పని. అందుచేత కాడ సన్నగా సాగి, ఆకులు ముడుచుకొని పసుపుపచ్చగా నుండును.

ఆకునకు పచ్చదనమిచ్చునది పత్రహరితము. చీకటిలో మొలక దానికి ముందటి పదార్థమును మాత్రమే కొంచెము తయారుచేసికొనును. దానిని మార్చెడి ఎంజైము వెలుగు తగిలినప్పుడే పనిచేయును. పత్రహరితము లేనిదే వెలుగును పట్టెడి మాంసకృత్తులును నిలువవు, తయారైనను విరిగిపోవును. ఈ రెండును కూడినప్పుడే మొక్క తన ఆహారమును తానే వండుకొనగలదు.

వెలుగు వచ్చినదని మొలకకు తెలుపునది ఫైటోక్రోము అను మాంసకృత్తు. 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రజ్ఞులు దీని ఉనికిని కనుగొనిరి. ఎర్రని వెలుగు తగలగానే అది కణకేంద్రములోనికి పోయి, కాడ సాగుటను తగ్గించి, ఆకులు విచ్చుకొనునట్లు చేయును.

అయితే ఒక అపాయమున్నది. చాలా దినములు చీకటిలో నున్న మొలకలో ఆ ముందటి పదార్థము పేరుకొనును. అకస్మాత్తుగా మధ్యాహ్నపు ఎండ తగిలిన యెడల, మారక మిగిలినది ప్రాణవాయువును తీక్షణముగా మార్చి లేత కణములను కాల్చివేయును. ఒక్క పూటలోనే నారు తెల్లబడి వాడుటకు ఇదియొక కారణము.

కాబట్టి మొలకలు కనబడిన దినముననే, సాయంకాలము గడ్డి తీయుడి. నర్సరీ ట్రేలను పేర్చి కప్పినవారు మొలక రాగానే విడదీసి నీడవల క్రింద పరచుడి. ఆలస్యమైన నారును మొదట పలుచని నీడలో నుంచి, క్రమముగా ఎండకు అలవాటు చేయుడి. సాగిపోయిన కాడ మరల పొట్టిది కాదు. అట్టి నారు త్వరగా ఒరిగిపోవును.

పిల్లలకు పని: రెండు కొబ్బరి చిప్పలలో మన్ను పోసి ఉలవలు విత్తుడి. ఒకదానిపై కుండ బోర్లించుడి. రెంటికిని సమానముగా నీరు పోయుడి. ఆరవ దినమున సాయంకాలము కుండ తీసి, రెండు చిప్పలలోని కాడల పొడవును, ఆకుల రంగును పోల్చి వ్రాయుడి. మరునాడు సాయంకాలము మరల చూచి, ఏమి మారెనో మీ తలిదండ్రులకు చెప్పుడి.