టీవీ వెనుక తీగలో ఎంత రద్దీ?

నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళినవారు బహదూర్‌పురా చౌరస్తాలో ఫ్లైఓవర్‌ను చూసే ఉంటారు. దాన్ని 2022లో తెరిచారు. ఆరు వరుసల దారి. దాని మీదుగా గంటకు ఎన్ని బండ్లు పోగలవు? వరుసలు ఎన్ని ఉన్నాయి, ఒక్కో వరుసలో బండ్లు ఎంత వేగంగా పోతున్నాయి అన్న రెండు సంగతులు తెలిస్తే చెప్పేయవచ్చు. కంప్యూటర్ నుంచి తెరకు బొమ్మను మోసుకుపోయే తీగ కూడా ఇలాంటి దారే. కాకపోతే దానిలో పోయేవి బండ్లు కావు, బిట్లు. అంటే 0, 1 అనే అంకెలు.

ఆ బస్తీలో ఒక ఇంట్లో పిల్లల చదువు కోసం ఒక వాడిన కంప్యూటర్ తెరను చవకగా కొన్నారనుకుందాం. తీగ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని దుకాణాలకు వెళితే అక్కడ రకరకాల పెట్టెలు కనిపించాయి. ఒకదాని మీద ‘4కె’, ఒకదాని మీద ‘8కె’, ఇంకొకదాని మీద ‘48 గిగాబిట్లు’ అని రాసి ఉంది. అంకె పెరిగినకొద్దీ ధర కూడా పెరుగుతోంది. ఏది కొనాలి? అమ్మేవాణ్ణి అడిగేముందు మనమే లెక్క వేసి చూద్దాం.

ఆ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు ఉన్నాయి. గుణిస్తే 20,73,600. ఒక్కో బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కోటి 8 బిట్ల చొప్పున మొత్తం 24 బిట్లు కావాలి. బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. అన్నీ గుణిస్తే సెకనుకు దాదాపు 299 కోట్ల బిట్లు! వంద కోట్ల బిట్లను ఒక గిగాబిట్ అంటారు కనుక సుమారు 3 గిగాబిట్లు.

లెక్క ఇంతటితో తీరదు. పాత పిక్చర్ ట్యూబు టీవీలలో ఎలక్ట్రాన్ల పుంజం ఒక గీత గీసి, మళ్ళీ ఎడమ అంచుకు రావడానికి కొంత వ్యవధి పట్టేది. పొలంలో చాలు చివర నాగలి మళ్ళడానికి వ్యవధి పట్టినట్టే. పిక్చర్ ట్యూబు పోయినా ఆ ఖాళీ వ్యవధి సంకేతంలో మిగిలిపోయింది. హెచ్‌డీఎంఐ తయారుచేసినవారు దాన్ని వృథా పోనివ్వలేదు. ధ్వనిని ఆ ఖాళీలోనే పంపిస్తారు! మరో ఖర్చు కూడా ఉంది. 1లే వరుసగా వస్తూ ఉంటే తీగలో వోల్టేజి సమతూకం తప్పుతుంది. అందుకని ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. ఈ రెండు ఖర్చులూ కలిపితే మన 3 గిగాబిట్లు సుమారు నాలుగున్నర అవుతాయి.

2002 డిసెంబరులో వచ్చిన మొట్టమొదటి హెచ్‌డీఎంఐ ప్రమాణం మోయగలిగినది 4.95 గిగాబిట్లు. అంటే ఆ ఇంటి తెరకు అన్నింటికన్నా పాత ప్రమాణమే సరిపోతుంది. ‘8కె’ తీగ కొంటే బొమ్మ ఇసుమంతైనా మెరుగుపడదు.

మరి కొత్త ప్రమాణాలు ఎందుకు? 4కె తెరలో బిందువులు నాలుగింతలు. ఇదే లెక్క వేస్తే 17.8 గిగాబిట్లు వస్తుంది. 2013లో హెచ్‌డీఎంఐ 2.0 వచ్చినప్పుడు దాని హద్దును 18 అని ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా? అప్పట్లో దత్తాంశానికి మూడు వరుసలు, నాలుగోది గడియారం టిక్కులకు. 2017లో 2.1 ప్రమాణం నాలుగో వరుసను కూడా పనిలోకి దించింది. నాలుగు వరుసలు, ఒక్కోటి 12 గిగాబిట్లు, మొత్తం 48. 2025 జూన్‌లో విడుదలైన 2.2లో ఇది 96 అయింది.

దీనికి పోటీదారు డిస్‌ప్లేపోర్ట్. హెచ్‌డీఎంఐ టీవీలు చేసే కంపెనీల ఇంట పుట్టింది, ఇది కంప్యూటర్‌వాళ్ళ ఇంట 2006లో పుట్టింది. దీనిలో బొమ్మను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. అందువల్ల ఒకే తీగతో రెండు మూడు తెరలను వరుసగా గొలుసులా కలపవచ్చు. 2019 నాటి 2.0 ప్రమాణంలో నాలుగు వరుసలూ కలిసి 80 గిగాబిట్లు మోస్తాయి. 8 బిట్లకు 10 అనే పాత ఖర్చు పోయి, 128కి 132 అయింది. అంటే 80లో 77కు పైగా బొమ్మకే దక్కుతాయి. టీవీ ధ్వనిని వెనక్కి స్పీకర్లకు పంపడం, ఒకే రిమోట్‌తో అన్నీ నడపడం హెచ్‌డీఎంఐ బలాలు. దానికి తయారీదారు ప్రతి పరికరానికీ ఇంత అని రుసుము కట్టాలి. 2025లో చైనా కంపెనీలు జీపీఎంఐ అని మూడోదాన్ని ప్రకటించాయి. 192 గిగాబిట్లు, దానితోపాటే 480 వాట్ల విద్యుత్తు! వినడానికి బాగానే ఉంది కానీ, అవతల దాన్ని అందుకునే తెర కూడా ఉండాలి కదా.

అసలు చిక్కు పేర్లలో ఉంది. ‘హెచ్‌డీఎంఐ 2.1’ అని రాసిన ప్రతి టీవీ 48 గిగాబిట్లు మోస్తుందని నియమం లేదు. ఆ ప్రమాణంలోని కొత్త సౌకర్యాలలో చాలావాటిని తయారీదారు పెట్టవచ్చు, మానవచ్చు. కనుక సంఖ్యను కాదు, ఎన్ని బిందువులు, సెకనుకు ఎన్నిసార్లు అని అడగండి. పొడవు కూడా చూడండి. వేగం పెరిగితే సంకేతం తీగలో త్వరగా నీరసిస్తుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో 80 గిగాబిట్లకు మామూలు రాగి తీగ ఒక మీటరు దాటడమే కష్టం. అందుకే 2025లో లోపల చిప్పులున్న తీగలు తెచ్చారు.

ఆ వాడిన తెరకు నీలిరంగు వీజీఏ రంధ్రం మాత్రమే ఉంటే? 1987 నాటి ఆ పద్ధతిలో అంకెలు ఉండవు, వోల్టేజి హెచ్చుతగ్గులే బొమ్మ. హెచ్‌డీఎంఐ అంకెలను వోల్టేజిగా మార్చే చిప్పు ఉన్న అడాప్టర్ కావాలి. ఉత్త తీగతో పని జరగదు.

ఇక మీకొక లెక్క. 8కె తెర మీద 7680 × 4320 బిందువులు. సెకనుకు 60 బొమ్మలు. ఖాళీ వ్యవధిని వదిలేయండి. హెచ్‌డీఎంఐ 2.1 లోని 48 గిగాబిట్ల దారిలో ప్రతి 16 బిట్లకూ 18 పంపాలి. బొమ్మను కుదించకుండా పంపితే ఆ దారిలో పడుతుందా?