నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్ - బలహీన పాస్‌వర్డ్‌ల ముప్పు, రక్షణ

నేపథ్యం
ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లకు అందుబాటులో ఉంచడాన్ని ఫైల్ షేరింగ్ అంటారు. విండోస్‌లో దీనికి ఆధారం సర్వర్ మెసేజ్ బ్లాక్ (ఎస్‌ఎంబీ) ప్రోటోకాల్. 1980వ దశకంలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీన్ని రూపొందించారు. యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఇదే ప్రోటోకాల్‌ను అమలు చేసే సాంబా సాఫ్ట్‌వేర్‌కు శ్రీకారం చుట్టారు. ఎస్‌ఎంబీ టీసీపీ పోర్టు 445ను, నెట్‌బయోస్ అనే పాత నెట్‌వర్క్ పద్ధతి మీదుగా అయితే 139ను వాడుతుంది.

ధ్రువీకరణ - రకాలు
1. షేర్ స్థాయి: ఫోల్డర్‌కు ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, అందరూ దాన్నే వాడతారు. విండోస్ 95, 98, ఎంఈ వెర్షన్లలో ఈ పద్ధతి ఉండేది. ఇందులోని ఒక లోపం వల్ల పాస్‌వర్డ్ తొలి అక్షరం తెలిసినా ఫోల్డర్ తెరుచుకునేది. 2000 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిదిద్దింది.
2. వినియోగదారు స్థాయి: ప్రతి వ్యక్తికీ సొంత ఖాతా, సొంత పాస్‌వర్డ్ ఉంటాయి. ఎవరు, ఎప్పుడు ప్రవేశించారో నమోదు చేయవచ్చు.

దాడులు - వర్గీకరణ
ఆన్‌లైన్ దాడి: సర్వర్‌పై పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయత్నించడం. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలే ఉంటాయి. సెకనుకు 300 ప్రయత్నాలు జరిగితే అర నిమిషం దాటగానే అన్నీ పూర్తవుతాయి.
ఆఫ్‌లైన్ దాడి: నెట్‌వర్క్‌లో చిక్కిన ఎన్‌టీఎల్‌ఎం (విండోస్ ధ్రువీకరణ పద్ధతి) ప్రతిస్పందనను సొంత యంత్రంలో ఛేదించడం. దీనిపై సర్వర్‌కు ఎలాంటి నియంత్రణా ఉండదు.

ముఖ్య ఉదాహరణ
2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ వర్మ్ తనలోని 200కు పైగా సాధారణ పాస్‌వర్డ్‌ల జాబితాతో అడ్మిన్ షేర్లలోకి (నిర్వాహకుల కోసం ఉండే షేర్లు) చొరబడేది. 2017 మే 12న విజృంభించిన వానాక్రై రాన్సమ్‌వేర్ మాత్రం పాస్‌వర్డ్‌ను ఊహించలేదు; ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని వాడుకుంది.

రక్షణ చర్యలు
- జాప్యం: విండోస్ 11 24హెచ్2, విండోస్ సర్వర్ 2025లలో ప్రతి విఫల ఎన్‌టీఎల్‌ఎం ప్రయత్నానికి 2 సెకన్ల జాప్యం ఉంటుంది. సెకనుకు 300 చొప్పున ఐదు నిమిషాల్లో ముగిసే 90,000 ప్రయత్నాలకు ఇప్పుడు కనీసం 50 గంటలు పడుతుంది.
- ఖాతా స్తంభన: నిర్ణీత విఫల యత్నాల తర్వాత ఖాతాను తాత్కాలికంగా నిలిపివేయడం.
- నిడివి: 6 చిన్న ఆంగ్ల అక్షరాలతో సుమారు 30.9 కోట్ల కలయికలు, 8 అక్షరాలతో సుమారు 20,883 కోట్ల కలయికలు సాధ్యం.
- కనిష్ఠ అధికారం: షేర్ అనుమతి, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ వ్యవస్థ) అనుమతి రెండూ ఉన్నప్పుడు నెట్‌వర్క్‌లో కఠినమైనదే వర్తిస్తుంది.
- ఇతరాలు: అతిథి ప్రవేశాన్ని రద్దు చేయాలి, పోర్టు 445ను ఇంటర్నెట్ వైపు మూసివేయాలి, 2012లో వచ్చిన ఎస్‌ఎంబీ 3.0 ఎన్‌క్రిప్షన్‌ను వినియోగించాలి.

చట్టపరమైన అంశం
భారత ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 70బి ప్రకారం సైబర్ ఘటనలపై జాతీయ సంస్థ సెర్ట్-ఇన్. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల మేరకు నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలపాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.

గుర్తుంచుకోండి
జాప్యం, ఖాతా స్తంభన ఆన్‌లైన్ దాడినే అడ్డుకుంటాయి. ప్రతిస్పందన ఒకసారి దుండగుడి చేతికి చిక్కాక ఖాతాను కాపాడేది ఊహకు అందని పొడవైన పాస్‌వర్డ్ ఒక్కటే.