పంచాయతీకి మొదటి టెలివిజన్: కొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

పంచాయతీ కార్యాలయములోగాని, గ్రంథాలయములోగాని, సామాజిక భవనములోగాని ఒక టెలివిజన్ పెట్టవలెనని సభ్యులు తలచినప్పుడు మొదట వచ్చు ప్రశ్న “ఎన్ని అంగుళములది?” అనునది. రెండవది “ఎంతకు వచ్చును?” అనునది. ఈ రెండింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. దానిని ఎవరు, ఎచ్చట కూర్చుండి, ఏమి చూచెదరు? ఇది తేలినచో తక్కినవి చాలవరకు వాటంతట అవే తేలిపోవును.

పదిమంది కలిసి చూచు టెలివిజన్ తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము తోడ్పాటుతో మన దేశమున “సైట్” అను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు సామూహిక సెట్లు ఇచ్చిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు ప్రసారమైనవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆ తరువాత, 1977లో ఆరంభమైనది. అనగా రాజధానిలో కేంద్రము వెలయకముందే కొన్ని తెలుగు పల్లెలు టెలివిజన్ చూచినవన్నమాట!

నేడు ఇంటింట టీవీ ఉండగా పంచాయతీకి ఏల అని కొందరు అడుగవచ్చును. దేవరాపల్లి ప్రాంతమునే తీసికొనుడు. పూర్వము చోడవరము తాలూకాలోనిదై, విశాఖపట్నము జిల్లాకు చెందిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరియున్నది. శారదా నదిపై రైవాడ జలాశయము ఇచ్చటనే కలదు. నీటి విడుదలను గూర్చి రైతులు చర్చించుకొనునప్పుడు, సముద్రములో వాయుగుండము పుట్టినప్పుడు, గ్రామసభలో ఒక పథకమును చూపి వివరింపవలసినప్పుడు, ఇంటిలో ఒంటరిగా చూచుటకును, నలుగురు కూడి చూచి మాటలాడుకొనుటకును భేదము కలదు. శివారు గ్రామములలో సెట్టు లేని ఇండ్లు నేటికిని ఉండవచ్చును.

ఇక తెర మాట. అంగుళములను తెర యొక్క ఒక మూలనుండి ఎదుటి మూలకు ఐమూలగా కొలుతురు. అది వెడల్పు కాదు. 32 అంగుళముల తెర వెడల్పు సుమారు 28 అంగుళములు, 43 దానికి 37½, 55 దానికి 48. చివరి వరుసవారు తెర వెడల్పునకు 6 రెట్ల దూరమునకు మించి కూర్చుండరాదనునది బడులలో పాటించు ఒక లెక్క. ఆ చొప్పున 32 అంగుళముల సెట్టు 14 అడుగుల వరకు, 43 దాదాపు 19 అడుగుల వరకు, 55 ఒక 24 అడుగుల వరకు పనికివచ్చును. కావున దుకాణమునకు పోవుటకు ముందు టేపు తీసికొని గదిని కొలువుడు. చిన్న కార్యాలయపు గదికి 55 అంగుళముల సెట్టు కొనుట ఎంత అనవసరమో, 25 అడుగుల హాలునకు 32 అంగుళములది కొనుట అంత నిష్ప్రయోజనము.

కొందరు సెట్టును బస్ స్టాండులోవలె కప్పునకు చేరువగా బిగింతురు. మెడలు నొప్పిపుట్టుటయే కాదు, కొన్ని రకముల తెరలను క్రిందనుండిగాని ప్రక్కనుండిగాని చూచినచో రంగులు వెలవెలపోవును. నేలపై కూర్చున్నవారి తలలకు కొంచెము పైగా ఉన్న చాలును. తెరకు ఎదురుగా కిటికీగాని, గుమ్మముగాని లేకుండ చూచుకొనవలెను. లేనిచో పగటివేళ బొమ్మకు బదులు వీధి కనిపించును.

దుకాణములో వెలుగుచుండు సెట్లను చూచి మోసపోవలదు. అచ్చట చూపు సముద్రములు, పూలు, పక్షులు ప్రత్యేకముగా తీసిన చిత్రములు; వెలుగును కూడ మితిమీరి పెంచియుంచెదరు. సాధారణమైన తెలుగు వార్తల ఛానెల్ పెట్టి చూపుమని అడుగుడు. పిమ్మట ప్రక్కకు నాలుగడుగులు జరిగి, నేలపై కూర్చుండి కూడ చూడుడు. సభ్యులు దుకాణములో నేలపై కూర్చుండుటకు సంకోచింపనక్కరలేదు. గ్రామములో జనులు కూర్చుండునది నేలపైననే.

హెచ్.డి., ఫుల్ హెచ్.డి., 4కె అను మాటలు బొమ్మలోని చుక్కల సంఖ్యను తెలుపును. ఫుల్ హెచ్.డి.లో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 4కెలో 3840, 2160. కాని వచ్చు ప్రసారము సాధారణమైనదైనచో 4కె తెర దానిని చక్కబరుపలేదు. డిడి ఫ్రీ డిష్‌పై ఆధారపడు పంచాయతీ ఇందుకొరకు అధికముగా చెల్లించుట నా అభిప్రాయములో వృథా వ్యయము. ఎల్.ఇ.డి. అని పిలుచునవి వెనుక దీపములుగల ఎల్.సి.డి. తెరలే. సామూహిక వాడుకకు అవి సరిపోవును. “స్మార్ట్” సెట్టు ఇంటర్నెట్ ఉన్నచోటనే పూర్తిగా ఉపయోగపడును.

డిడి ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో ఆరంభమైనది. డిష్, పెట్టె ఒకమారు కొన్నచాలును. నెలసరి రుసుము లేదు. దూరదర్శన్ సప్తగిరి, విద్యార్థులకు పి.ఎం. ఈ-విద్య ఛానెళ్లు అందులో లభించును. మన ప్రాంతమున డిష్ ముఖము దక్షిణమునకు, కొంత ఆగ్నేయమువైపు మొగ్గి, బాగుగా పైకెత్తి ఉండవలెను. ఆ దిక్కున తాటిచెట్టుగాని కొబ్బరిచెట్టుగాని అడ్డుగా ఉన్నచో వేరొక చోటు వెదకవలెను.

పలుచని సెట్లకు ధ్వని బలహీనము. స్పీకర్లు చిన్నవి, పెక్కింటికి వెనుకవైపో క్రిందివైపో ఉండును. ఏబదిమంది కూర్చున్న హాలులో చివరివారికి మాట వినబడదు. మాట వినబడనిచో జనులు లేచిపోవుదురు. పంచాయతీకి మైకుసెట్టు ఉన్నయెడల దానికి కలుపుటకు వీలగు ధ్వని రంధ్రము టీవీకి ఉన్నదో లేదో ముందే చూడుడు. లేనిచో తెరను ఒక మెట్టు తగ్గించియైనను ప్రత్యేకమైన స్పీకరు కొనుట మేలు.

విద్యుత్తు ఖర్చు భయపడవలసినంత కాదు. 75 వాట్ల సెట్టు దినమునకు 5 గంటలు నడచినచో 30 దినములకు 11¼ యూనిట్లు అగును. బి.ఇ.ఇ. నక్షత్రముల చీటీని, బి.ఐ.ఎస్. నమోదు గుర్తును చూచి కొనుడు. కొండల చేరువనున్న ఈ పల్లెలలో వేసవి సాయంకాలముల ఉరుములు, పిడుగులు సామాన్యము. ఉరిమినప్పుడు స్విచ్చి ఆర్పుట చాలదు; ప్లగ్గును, డిష్ తీగను కూడ ఊడదీయవలెను. ఎర్తు సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియన్‌చే చూపించుట అవసరము.

కొటేషన్లు వ్రాతపూర్వకముగా తెప్పించునప్పుడు ఒకే మోడల్ నంబరునకు అడుగవలెను; లేనిచో మామిడికి, పనసకు ధర పోల్చినట్లగును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి అన్ని పరిమాణముల టీవీలకు జి.ఎస్.టి. 18 శాతమే, అంతకుముందు 32 అంగుళములకు మించినవానికి 28 శాతము ఉండెడిది. ప్రభుత్వ ఈ-మార్కెట్ “జెమ్”లోని ధరను కూడ పోల్చి చూడవచ్చును. ఏ పద్దు క్రింద వ్రాయవలెనో పంచాయతీ కార్యదర్శిని అడిగి, తీర్మానములో ఆ సంగతి చేర్చుడు.

వారంటీ కార్డులోని చిన్న అక్షరములు చదువుట మరువరాదు. పెక్కు కంపెనీల హామీ గృహవినియోగమునకే వర్తించును. పంచాయతీ కార్యాలయములో పెట్టినచో చెల్లునా అని అడిగి, జవాబును బిల్లుపైననే వ్రాయించుకొనుడు. పగిలిన తెరకు సాధారణముగా హామీ ఉండదు. మరమ్మతునకు మనిషి చోడవరమునుండి వచ్చునా, అనకాపల్లినుండియా, విశాఖపట్నమునుండియా అనునది కూడ ముందే తేల్చుకొనుడు. వివాదము వచ్చినయెడల జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ఫోను నంబరు 1915.

ఇంతకంటె కష్టమైనది రిమోట్ సంగతి. సెట్టు అధ్యక్షుని ఇంటి వసారాలోనికి చేరినచో అది గ్రామమునది కాదు. ఏ వాడవారైనను సంకోచము లేకుండ వచ్చి కూర్చుండగల చోటనే దానిని ఉంచవలెను. స్త్రీలకు తీరికయగు వేళలు, పిల్లల చదువు వేళలు, వార్తల వేళ తీర్మానములోనే వ్రాసి గోడపై అంటించినచో, క్రికెట్ దినమున వచ్చు తగవులు కొన్ని తగ్గును (అన్నియు తగ్గునని చెప్పజాలను). తాళము, రిమోట్ ఎవరివద్ద ఉండునో వారి పేరు తీర్మానములో నుండవలెను.

సెట్టు వచ్చిన దినమున పెట్టెను సభ్యుల యెదుట విప్పి, సీరియల్ నంబరును బిల్లుతో పోల్చి, అరగంట నడిపి, తెరపై నల్లచుక్కలుగాని గీతలుగాని లేవని చూచి, స్టాకు రిజిస్టరులో వ్రాయుడు. పెట్టెను, థర్మోకోలును కొన్నాళ్లు దాచుడు. మార్చవలసివచ్చినచో అవి కావలెను. కార్యాలయములో పాత గాజుగొట్టపు టీవీ ఉన్నచో దానిని చెత్తకుప్పపై పగులగొట్టనీయకుడు. ఆ గాజులో సీసము ఉండును. దానిని ఈ-వ్యర్థములు స్వీకరించు అధికృత సంస్థకే అప్పగించి, రసీదు తీసికొనుడు.