కరెంటు పెట్టిన దవడలో పన్ను పీకించకు



నువ్వు పంపిన ఫోటోలు, ఎక్స్‌రే, క్యాన్సర్ ఆస్పత్రి ఫైలు అన్నీ చూశాను. జొన్నరొట్టె కొరికితే కింది ముందు పన్ను చిగురు దాకా విరిగి చేతిలోకి వచ్చిందనీ, నొప్పి మాత్రం ఏమీ లేదనీ రాశావు. దాని పక్కవి కూడా చిగుళ్ల అంచున గోధుమరంగుకు తిరిగి గాడి పడ్డాయి. మీ ఊరి డాక్టరు కింది పళ్లన్నీ తీసేసి సెట్టు కడతానన్నాడట, సోమవారం రమ్మన్నాడట. వెళ్లకు. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో గానీ ఈ ఒక్క మాట ఇప్పుడే విను.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలపాటు, వారానికి అయిదు రోజులు, ముఖానికి మాస్కు బిగించి నీకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు కదా. 30 విడతల్లో 60 గ్రే అని ఫైల్లో ఉంది. అంత మోతాదు పడినప్పుడు దవడ ఎముకలోని సన్నటి రక్తనాళాలు పూడుకుపోతాయి, ఎముకను కట్టే కణాలు తగ్గిపోతాయి. కింది దవడకు అసలే రక్తం తక్కువ అందుతుంది. మామూలు మనిషికి పన్ను పీకిన గుంట కొన్ని వారాల్లో పూడుతుంది. నీకు పూడకపోవచ్చు. చిగురు మూసుకోక, ఎముక బయటపడి, నెలల తరబడి అలాగే ఉండిపోయి, చీము పట్టి, ఒక్కోసారి దవడే విరిగే దాకా పోతుంది. దాన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. పీకించుకున్న వాళ్లలో ఎక్కువమందికి మానిపోతుంది, నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. కానీ వస్తే వదిలించుకోవడం చాలా కష్టం. ఏళ్లు గడిచినంత మాత్రాన ఆ ముప్పు పోదు. పదేళ్ల తర్వాత అయినా సరే, పన్ను పీకే ముందు ఈ సంగతి చెప్పాల్సిందే.

ఎవరో ఒకరు ఆక్సిజన్ ఛాంబర్‌లో కూర్చుంటే ఏమీ కాదని చెబుతారు. 1980ల్లో అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఆ పద్ధతికి బాగా పేరు తెచ్చాడు. తర్వాత బ్రిటన్‌లో హోపాన్ అనే పరీక్ష చేసి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఛాంబర్‌లోకి వెళ్లిన వాళ్లలోనూ, వెళ్లని వాళ్లలోనూ ఎముక చెడినది నూటికి ఆరుగురి దరిదాపుల్లోనే. ముందుజాగ్రత్త అంటూ దాని కోసం డబ్బు పోయకు.

ఇక పళ్లు ఎందుకిలా అయ్యాయంటే, పెద్ద నేరం లాలాజలం ఎండిపోవడానిది. చెవుల ముందు, దవడ కింద ఉండే గ్రంథులు కరెంటు దారిలోనే ఉన్నాయి. మనం తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుడుతుంది. ఉమ్మి దాన్ని విరిచేసి, పన్ను పోగొట్టుకున్న కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి అద్దుతుంది. అది లేకపోతే పన్ను రోజంతా ఆమ్లంలో నానుతున్నట్టే. అందుకే అందరికీ ఆఖరున పుచ్చే కింది ముందు పళ్లు నీకు ముందుగా పోతున్నాయి. ఈ పుచ్చు నమిలే చోట కాకుండా పన్ను మెడ చుట్టూ పడుతుంది, నొప్పి తెలియనివ్వదు. ఆ గాడి చుట్టూ తిరిగి కలిసిన రోజు పన్ను కొడవలి పెట్టిన జొన్నకర్రలా తెగిపోతుంది.

నోరెండుతోందని నిమ్మబిళ్లలు చప్పరిస్తున్నావనీ, చక్కెర టీ గంటకోసారి గుక్కెడు తాగుతున్నావనీ మీ ఆవిడ ఫోన్లో చెప్పింది. పళ్లను మరింత తినేస్తున్నవి అవే. నోరెండితే ఉత్త నీళ్లు తాగు. సీసా చేతిలోనే ఉండాలి. తీపి, పులుపు ఏదైనా భోజనంతోపాటే, మధ్యలో వద్దు. తిన్నాక గ్లాసు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించు. వక్కపొడి నోట్లో వేసుకుంటే ఉమ్మి ఊరుతుందని ఎవరన్నా అంటే వాళ్లతో మాటలే వద్దు. నీ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలుసు. ఉమ్మి ఊరడానికి పైలోకార్పిన్ మాత్రలున్నాయి. చెమటలు బాగా పట్టిస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు పడవు. అది మీ క్యాన్సర్ డాక్టర్‌ను అడుగు.

బాగు చేయడం ఎలాగో ఇప్పుడు చెప్తాను. విరిగిన పన్ను వేరు లోపలే ఉంది, ఉండనీ. దానికి రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి నున్నగా కోసి, పైన సిమెంటుతో మూసేస్తారు. మా పళ్ల డాక్టర్లకు వేరు వదిలేయడమంటే మనసొప్పదు. మా చదువు రోజుల్లో వేరు ముక్క మిగిలితే ప్రొఫెసర్ చీవాట్లు పెట్టేవారు. నీ దవడకు మాత్రం అదే మేలు. నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా చూసుకో. మూడు వేళ్లు నిలువుగా దూరకపోతే రూట్ కెనాల్ పనిముట్లు వెనక పళ్ల దాకా పోవు. అలా ఉంటే నోరు సాగడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతి కట్టి పళ్ల మధ్య పెట్టుకుని, నాలుగైదు రోజులకొక పుల్ల పెంచుకుంటూ పో.

గాడి పడిన పళ్లలో మెత్తబడినంత మేర గీసి, గ్లాస్ అయనోమర్ నింపమను. అది తనలోని ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. ఎండిన నోట్లో ఎక్కువ కాలం నిలవదు, అరుగుతుంది, అంచు రాలుతుంది. రాలితే మళ్లీ పెట్టించుకోవడమే. పుచ్చు ఆగిందని నమ్మకం కుదిరాక పంటి రంగు కాంపోజిట్ వేయించుకోవచ్చు. క్యాప్‌లు మాత్రం ఇప్పుడు వద్దంటే వద్దు. నోరు ఇలా ఉండగా క్యాప్ వేస్తే దాని అంచు కిందే మళ్లీ పుచ్చుతుంది, పైకి కనబడదు, క్యాప్‌తో సహా ఊడేదాకా తెలియదు. నీలాంటి వాళ్ల చేత వేలకు వేలు క్యాప్‌లకు ఖర్చు పెట్టించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఫ్లోరైడ్ జెల్. నీ పళ్ల అచ్చు తీసి పలచటి ప్లాస్టిక్ ట్రేలు చేయించుకో. 1.1 శాతం న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ జెల్ రాయించుకో. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దరిదాపుల్లో ఉంటే ఇందులో 5000. ఆమ్లం కలిపిన జెల్ ఇస్తే తీసుకోకు, అది నోరు మండిస్తుంది, పెట్టిన సిమెంటును కూడా తినేస్తుంది. రోజూ రాత్రి బ్రష్ చేశాక ట్రేలో సన్నగా రాసి, అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి, ఉమ్మేయి. పుక్కిలించకు, అరగంట దాకా నీళ్లు కూడా తాగకు. ఎన్నాళ్లని అడుగుతావు. పళ్లున్నన్నాళ్లూ. ఉమ్మి పూర్తిగా తిరిగి రాదు కాబట్టి ఇదీ ఆగదు. మీ దగ్గర దొరక్కపోతే నాకు చెప్పు, నేను తెప్పిస్తాను.

ఇక్కడ మీ అమ్మ గొడవ చేస్తుంది, నాకు తెలుసు. నల్లగొండ మనిషికి ఫ్లోరైడ్ అనగానే వెన్ను వంగిపోయిన వాళ్లే కళ్ల ముందు మెదులుతారు. దానికి చెప్పు: కృష్ణా నీళ్లు రాకముందు మన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఒంట్లోకి, ఎముకల్లోకి పోయింది ఫ్లోరైడ్. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మన బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఈ జెల్ పంటి పైపొరకు రాసి ఉమ్మేసేది. మింగకూడదు, పిల్లలకు అందేలా పెట్టకూడదు, అంతే.

కట్టుడు పళ్ల గురించి తొందరేమీ లేదు. తడి లేని చిగురు మీద సెట్టు రాసుకుంటే పుండవుతుంది, ఆ పుండు కింద ఎముక తేలుతుంది. ముందున్న ఖాళీ చూసేవాళ్లకు బాగుండదని మీ ఆవిడ బాధ. పక్క పళ్లు గట్టిపడ్డాక వాటికి అతికించే పన్ను పెట్టించవచ్చు. ఇంప్లాంట్ల మాట తర్వాత, ఆ చోట పడిన మోతాదు తెలిశాక.

ఇంత పని ఒక చిన్న క్లినిక్‌లో తేలేది కాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్దాం, నేనూ వస్తాను. అక్కడైనా మరెక్కడైనా కుర్చీలో కూర్చోగానే "నా దవడకు కరెంటు పెట్టారు" అన్నదే నీ మొదటి మాట కావాలి. ఈలోగా ఒక పని చెయ్యి. ఫైల్లో ఉన్న 60 గ్రే మొత్తం లెక్క మాత్రమే. దవడలో ఏ పంటి కింద ఎంత పడిందో రేడియేషన్ విభాగం వాళ్ల కంప్యూటర్ ప్లాన్‌లో ఉంటుంది. పళ్ల డాక్టరుకు కావాలని చెప్పి ప్రింటు అడుగు. శనివారంలోగా అది నాకు పంపించు.

మీ పెద్దమ్మ