సింహ బిరుదాంకితుడగు హెన్రీ

పండ్రెండవ శతాబ్దమున జర్మనీ దేశమందు సింహమని పేర్వడసిన హెన్రీ డ్యూకు చరిత్రము మేమిచ్చట సంగ్రహించుచున్నాము. ఇతని తండ్రి 1139లో గతించెను. బాలుడగు హెన్రీకి 1142లో సాక్సనీ దక్కెను. 1156లో బవేరియా నిచ్చినవాడు ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి. ఆయన హెన్రీకి మేనత్త కుమారుడు. మన వరుసలలో బావ. మ్యూనిచ్ నగరము 1158లో హెన్రీవలననే వెలసెను. 1168లో ఇతడు ఇంగ్లండు రాజగు రెండవ హెన్రీ కుమార్తె మెటిల్డాను పెండ్లాడెను. ఆమెకప్పటికి పండ్రెండేండ్లయినను నిండలేదు.

1176లో చక్రవర్తి ఇటలీ యుద్ధమునకు సాయము వేడెను. వెండిగనులుగల గోస్లారును బదులిమ్మని హెన్రీ యడిగెనట! ఉపకారికి ఆపద వచ్చినపుడు బేరమాడుట మాకు సింహలక్షణముగా తోపదు. సాయము చేయడయ్యెను. ఆ యేడే లెన్యానోవద్ద చక్రవర్తి యోడెను. పిదప విచారణకు పిలువగా హెన్రీ పోలేదు. 1180లో రెండు రాజ్యములును పోయెను. 1182లో ఆలుబిడ్డలతో మామగారి శరణు జొచ్చెను. సింహమునకు అత్తవారింటి కూడే గతియయ్యెను.

తుదకు స్వదేశము చేరి, 1195లో బ్రన్స్విక్‌నందు మృతినొంది, తాను కట్టింప మొదలిడిన దేవాలయముననే భార్యచెంత సమాధి చేయబడెను. కుమారుడగు ఆటో 1209లో చక్రవర్తి యయ్యెను. ప్రవాసమున 1184లో వించెస్టరునందు పుట్టిన కడగొట్టు కుమారుడు విలియము సంతతివాడే 1714లో ఇంగ్లండు సింహాసనమెక్కిన మొదటి జార్జి.